స్టీలు డబ్బాలో ఫోను

నా జన్మలో గెలిచిన బేరాలు తక్కువేం కాదు. కరీంనగర్‌లో పెళ్లి బ్యాండు వాళ్లను సగం ధరకు దింపి, పైగా ఒక సన్నాయిని ఊరికే ఊదించుకున్నవాణ్ణి. బస్టాండులో జామకాయలమ్మే ఆమెతో బేరం గెలిచి, ఆ గెలుపులో ఎక్కాల్సిన బస్సు పోగొట్టుకున్నవాణ్ణి. వాటన్నిటినీ మించిన బేరం ఒకటుంది. నీళ్లలో పడి చచ్చిన ఒక ఫోనును, దాని లోపలి సంగతులు తీయడం వచ్చిన మనిషి చేతికి పోకుండా అడ్డుపడి, రాని నా చేతిలోకి తెచ్చుకున్నాను. పైసా ఖర్చు లేకుండా, సిరిసిల్లలో మా అత్తగారింట్లో, అందరి ముందూ.

ఆ పని వచ్చిన మనిషి మా సడ్డకుడు. అంటే నా భార్య చెల్లెలి మొగుడు. జగిత్యాలలో అతనికి చిన్న దుకాణం ఉంది. నాకు కోరుట్లలో మొబైల్ షాపు ఉంది. నాది పెద్దది. ఈ మాట నేను ఎక్కడికి పోయినా తప్పకుండా చెప్తాను, ఇక్కడా చెప్పాను.

మా తాత మగ్గం వదిలిపెట్టి కోరుట్లలో స్టీలు సామాన్ల దుకాణం పెట్టాడు. నేను గిన్నెల చప్పుడు మధ్య పెరిగాను. గిరాకీ బిందెను ఏ చేత్తో ఎత్తాడో చూసి, కొంటాడా కొనడా చెప్పడం మా నాయన నాకు నేర్పిన చదువు. ఆ చదువుతోనే ఫోన్లు అమ్మాను, రిపేర్లు చేయించాను, ఇల్లు కట్టాను. మా సడ్డకుడు అలా కాదు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు డేటా తీసే దుకాణంలో పనిచేసి వచ్చాడు. పగిలిన ఫోనులోంచి పెళ్లి ఫోటోలు, ఆరిపోయిన ఫోనులోంచి చచ్చిపోయినవాళ్ల గొంతులు తీసి ఇస్తాడు. ఒకసారి ఠాణా వాళ్లు కూడా సలహాకు పిలిచారట. 'అట' అని ఎందుకంటున్నానంటే, అది చెప్పింది అతనే. ప్రతి మాటకూ 'ప్రొసీజర్' అంటాడు. చాయ్ తాగడానికి కూడా అతని దగ్గర ప్రొసీజర్ ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కప్పు అంచు తుడిచి, ఊదకుండా తాగుతాడు.

మా అత్తకు అతనంటే ప్రాణం. పెద్దల్లుణ్ణి నేను. అయినా కూరలో ముక్కలు ముందు అతని కంచంలో పడతాయి. నేను కళ్లతో లెక్కపెట్టుకునేవాణ్ణి.

ఒకసారి అతను మా నాయన దుకాణానికి వచ్చి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా కావాలని అరగంట వెతికాడు. మూత పెట్టి, చెవి దగ్గర ఊపి, వెలుతురుకు పట్టి చూశాడు. ఎందుకని అడిగాను.

"ఫోన్లు పెట్టెతందుకు అన్నా. సిగ్నల్ అందకుండ. అసలైన సంచులుంటయి గని, మనకేడ దొరుకుతయి. ముందుగాల రేకుకాయితం చుట్టి, గిండ్ల పెట్టి మూత పెడితే శానమట్టుకు ఆగుతది."

"ఫోన్లకు సద్ది కడుతున్నవా తమ్మీ? పచ్చడి గిట్ల పెట్టాల్నా?" అన్నాను. దుకాణంలో ఉన్న గిరాకీలంతా నవ్వారు. అతనూ నవ్వి, డబ్బా ధర అడిగాడు. కొడుకు తోడల్లుడు కదా అని మా నాయన తగ్గించబోతే, నేను కన్ను గీటి ఆపాను.

ఇప్పుడు ఫోను సంగతి. అది మా బామ్మర్దిది. ఇంటికి ఒక్కడే కొడుకు. ఒక ఆసామి దగ్గర నాలుగు సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే సిరిసిల్లలో కరెంటు మగ్గాలు. గుడ్డకు ఆర్డర్లు తగ్గి, వారంలో సగం రోజులు అవి బట్ట కప్పుకుని పడుకునేవి. అప్పుడు గల్ఫ్ పోయాడు, కట్టడాల పనికి. ఒకరోజు సాయంత్రం ఫోర్‌మన్ అతనికి వాయిస్ మెసేజ్ పెట్టాడు: రేపటి నుంచి ఫలానా సైట్‌కు పో, కంపెనీకి నేను చెప్పాను అని. ఆ సైట్ వేరేవాళ్లది. ఇతను పోయాడు. మర్నాడు అక్కడే ఫోను నీళ్ల డ్రమ్ములో పడింది. నాలుగు రోజులకు కంపెనీ, మా పనివాడు పారిపోయాడు అని కేసు పెట్టింది.

అలా పారిపోయినవాణ్ణి మావాళ్లు ఖల్లివల్లి అంటారు. ఆ ముద్ర పడితే జీతం లేదు, వీసా లేదు, ఇంటికి రావాలన్నా జైలు మీదుగా రావాలి. పంపితేనే పోయాను, పారిపోలేదు అనడానికి మా బామ్మర్ది దగ్గర ఉన్న సాక్ష్యం ఆ ఒక్క గొంతు. అది ఆ చచ్చిన ఫోనులో ఉంది. అక్కడ ఎవరికి చూపించినా గుంజుకుంటారన్న భయంతో, తనతో అదే కంపెనీలో పనిచేస్తూ సెలవు మీద వస్తున్న కోనరావుపేట మనిషికి ఇచ్చి పంపాడు.

మా దిక్కున ఇదొక ఆచారం. గల్ఫ్ నుంచి ఒకడు సెలవు మీద వస్తే గదిలోవాళ్లందరి పార్సళ్లూ అతనే మోసుకొస్తాడు. తెచ్చినవాడికి అన్నం పెట్టి, మావాడు ఎలా ఉన్నాడని నెమ్మదిగా అడగాలి. అతను చెప్పేది చివరిదాకా వినాలి. ఆ రోజు మా అత్త కోడి కోసింది. కోనరావుపేట మనిషి ముందు ఖర్జూరాలు తీశాడు, పాలపొడి డబ్బా తీశాడు, చివరికి లుంగీ గుడ్డలో చుట్టిన ఫోను తీశాడు.

"గీ మాట జర పానం పెట్టి సూడుమన్నడు. గా ఫోర్‌మన్ మాట నేను గూడ ఇన్న. పొమ్మనే అన్నడు," అన్నాడు.

మా సడ్డకుడు చెయ్యి తుడుచుకున్నాడు. "దాన్ని గట్లనే ఉంచుండ్రి. ఆన్ చెయ్యకుండ్రి. దీనికో ప్రొసీజర్..."

ప్రొసీజర్ అన్న మాట నా చెవిన పడింది. నా చెయ్యి నాకంటే ముందే ఫోను మీదికి పోయింది.

"ఏం ప్రొసీజర్ తమ్మీ, నీళ్లు తాగిన ఫోనే గదా. నా దుకాణంల రోజుకు నాలుగు బతుకుతయి. నీ దగ్గర డిస్‌ప్లేలున్నయా? బ్యాటరీలున్నయా?"

"లెవ్వు గని..."

"మరి? అత్తా, నువ్వే చెప్పు. డాక్టర్‌కు ఇస్తవా, పోస్ట్‌మార్టం చేసెటోనికి ఇస్తవా?"

మా అత్త భయపడింది. పోస్ట్‌మార్టం అన్న మాట కొడుకు ఫోను పక్కన వినపడితే ఏ తల్లైనా భయపడుతుంది. ఆ సంగతి తెలిసే అన్నాను. "పెద్దల్లుడే తీస్కపోనియ్యి," అంది. ఆ ఇంట్లో 'పెద్దల్లుడే' అన్న మాట అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు. ఫోనును దస్తీలో చుట్టి జేబులో పెట్టాను. కోనరావుపేట మనిషి ఇంకేదో చెప్పబోయాడు. నేను అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

కోరుట్లకు తెచ్చి మూడు రోజుల్లో దాన్ని ఆరబెట్టి, పాత ఫోనులోంచి తీసిన బ్యాటరీ వేసి చూశాను. లోపల బల్బు వెలిగినట్టు చిన్న అదురు వచ్చింది. డిస్‌ప్లే ఉంటే లేస్తుంది. అసలైన డిస్‌ప్లే జగిత్యాలలో ఆ రోజే దొరికేది. కానీ జగిత్యాలలో కొంటే, అదే సందులో దుకాణమున్న మా సడ్డకుడికి తెలిసిపోతుంది. కాబట్టి హైదరాబాద్‌లో పార్టులమ్మేవాడితో బేరం పెట్టాను. వాడు ఒక ధర అన్నాడు, నేను సగం అన్నాను, వాడు ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు ఆగి మళ్లీ చేశాను. మా అత్త రోజూ అడిగేది.

"అల్లుడా, లేసిందా?"

"పార్టు రావాలె అత్తా. పైనుంచి రావాలె."

నా భార్య పక్కనే ఉండి వినేది. "పైనుంచంటే ఏడికెల్లి? చెల్లె మొగనికి ఇస్తే ఈపాటికి అయిపోయేది గదా," అంది ఒకసారి. ఆ పూట నేను అన్నం తినలేదు. ఆమె బతిమాలలేదు కూడా.

రెండు వారాలు కావస్తుండగా డిస్‌ప్లే వచ్చింది. వాడు చెప్పిన ధరలో దాదాపు సగానికి తెచ్చాను. ఫోను లేచింది. లాక్ గీత ఎలా గీయాలో బామ్మర్ది ముందే చెప్పి పంపాడు. వాట్సాప్ తెరిచాను. ఫోర్‌మన్ పేరు, దాని కింద వాయిస్ మెసేజ్ గీత, పక్కన చిన్న మైకు బొమ్మ. అక్కడే ఉంది. ఆ క్షణంలో నాకు బామ్మర్ది గుర్తు రాలేదు, మా సడ్డకుడి ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. దీన్ని సిరిసిల్లలో, అతను కూర్చున్న గదిలో, అందరి ముందు వినిపించాలి. ఫోను స్పీకర్ నీళ్లకు పోయింది. కొత్త స్పీకర్ వేసి, గొంతు గణగణ మోగేలా చేసి వినిపించాలి. నా వెనక గోడకు ఇయర్‌ఫోన్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. ఒకటి తెంపి చెవిలో పెట్టుకుంటే అయిపోయేది. ఆ గొంతును వేరే ఫోనుతో రికార్డు చేసుకున్నా అయిపోయేది.

నేను స్పీకర్ వేశాను. ఆ తర్వాత, ఇన్నేళ్లుగా చేస్తున్నదే చేశాను. మా దుకాణాల్లో రిపేరయిన ఫోనును గిరాకీ చేతిలో ఉత్తగా పెట్టం. నెట్ ఇచ్చి, ఒక వీడియో కాల్ చేసి, ముఖం కనపడ్డాక, మాట వినపడ్డాక ఇస్తాం. అప్పుడే గిరాకీ చెయ్యి తన జేబులోకి పోతుంది. దానికి ఆలోచన అక్కర్లేదు, వేలు దానంతట అదే పోతుంది. నా ఫోను హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి కలిపాను.

ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా దిగడం మొదలుపెట్టాయి. ఫోను బల్ల మీద టకటకా అదిరింది. గదిలోవాళ్లవి, అత్తవి, ఎవరెవరివో. గిరాకీకి చూపించినట్టు నాకు నేనే గర్వంగా చూసుకుంటున్నాను. ఫోర్‌మన్ పేరు పైకి వచ్చింది. తెరిచాను. మైకు బొమ్మ లేదు. గీత లేదు. ఆ చోట బూడిద రంగులో 'ఈ మెసేజ్ తొలగించబడింది' అని ఉంది.

ఆ ఫోర్‌మన్ ఎప్పుడో, ఫోను నీళ్లలో పడిన మర్నాడో, అవతలి నుంచి దాన్ని తుడిచేశాడు. చచ్చిన ఫోనుకు ఆ తుడుపు చేరలేదు. దారిలో కాచుకుని కూర్చుంది. నేను తలుపు తీశాను. స్టీలు డబ్బా మూత ఎందుకో నాకప్పుడు తెలిసింది.

నెట్ ఆపాను. మళ్లీ పెట్టాను. ఫోను ఆపి లేపాను. నాకు తెలిసినవన్నీ చేసి చూశాను. చివరికి సొరుగులో పెట్టి తాళం వేశాను. అత్తకు మళ్లీ అదే మాట: పార్టు రావాలె. ఈసారి ఏ పార్టో నాకూ తెలియదు.

నాలుగు రోజులకు సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది. బామ్మర్ది అక్కడి పోలీసుల చెకింగ్‌లో దొరికాడు. ఖల్లివల్లి కేసు ఉంది కాబట్టి లోపల వేశారు. గదిలోవాడెవడో ఆ కబురు చెప్పాడట. మా అత్త ఏడవలేదు. "ఫోన్ సంగతి ఏమాయె అల్లుడా?" అని మాత్రమే అడిగింది.

ఆ పొద్దున్నే జగిత్యాల బస్సెక్కాను.

సడ్డకుడి దుకాణంలో ఇద్దరు గిరాకీలున్నారు. నన్ను చూసి కూర్చోమని స్టూలు చూపించి, వాళ్ల పని చేసుకుంటూ పోయాడు. కావాలని చేస్తున్నాడా అని చూశాను. కావాలనే చేస్తున్నట్టు అనిపించింది. నేనైతే కావాలనే చేసేవాణ్ణి. వాళ్లు పోయాక ఫోను చేతికిచ్చాను. అతను ముందు దాన్ని నాలుగు వైపులా ఫోటో తీశాడు. ఏ గీత, ఏ సొట్ట ఎక్కడుందో చూశాడు. ఆఫ్‌లో ఉందని రూఢి చేసుకుని, రేకుకాయితం చుట్టి డబ్బాలో పెట్టాడు. మా నాయన దుకాణం డబ్బానే. అడుగున మా స్టిక్కరు ఇంకా ఉంది.

"నెట్ పెట్టినవా అన్నా?"

"లేదు," అన్నాను.

నోరు అంత తొందరగా ఎప్పుడూ పనిచేయలేదు నాకు.

అతను ఫోనును నెట్ అందకుండా తన కంప్యూటర్‌కు తగిలించి, లోపలిదంతా ముందు అచ్చు తీసుకున్నాడు. వెతికేది ఆ అచ్చులోనే. అసలును కదిలించకూడదట. అది సాగుతుంటే మధ్యాహ్నమైంది. నేను రెండుసార్లు చాయ్ తెచ్చాను. అతను కప్పు అంచు తుడిచి తాగాడు. తర్వాత తెర మీద ఏదో జాబితాను కిందికి జరుపుతూ ఆగాడు.

"అన్నా, కోరుట్ల టైగర్ అంటే ఎవలే?"

అది నా హాట్‌స్పాట్ పేరు. మోజుపడి నేనే పెట్టుకున్నాను. ఫోను ఏ రోజు, ఏ గంటకు, ఏ నెట్‌కు కలిసిందో లోపల తనంతట తానే రాసుకుంటుందని నాకేం తెలుసు.

"ఎవడో ఉంటడు," అన్నాను.

"టైగర్ నాలుగు నిమిషాలే ఉన్నడు లోపల. గా నాలుగు నిమిషాలల్లనే మెసేజ్ పోయింది."

అతను నా ముఖం వైపు చూడలేదు. తెర వైపే చూస్తూ అన్నాడు. తిడితే తిట్టేవాణ్ణి. నవ్వితే డబ్బా ధర సంగతి ఎత్తేవాణ్ణి. ఏదీ చేయకపోవడంతో నా దగ్గర సరుకు లేకుండా పోయింది.

"తిరిగొస్తదా?" అన్నాను.

"గొంతు రాదన్నా. ఫైలు తుడిసిపోయింది. ఫోన్ నీళ్లల్ల పడకముందటి రాత్రి అదే దాసుకున్న కాపీ ఒకటుంది. అండ్ల గీ మెసేజ్ అచ్చినట్టు ఉన్నది. ఎవలు పంపిండ్రు, ఎన్ని గంటలకు, ఎంత పొడుగు, అన్ని ఉన్నయి. మాట మాత్రం లేదు. అచ్చిందంటే ఏం లాభం? పొమ్మన్నడో రమ్మన్నడో ఎవలు నమ్ముతరు?"

నాకు, నిజం చెప్పాలంటే, అక్కడ కొంచెం సంతోషం కలిగింది. వీడికీ రాదు అని. అది ఎంతోసేపు నిలవలేదు గానీ కలిగిన మాట నిజం.

అతను అక్కడితో ఆపలేదు. నేను ఒక్క ఫోర్‌మన్ పేరే చూసి వదిలేశాను, నాకు గెలవాల్సింది అదే కాబట్టి. అతను అన్ని పేర్లూ తెరిచాడు, ఒక్కొక్కటీ, విసుగు లేకుండా. మా బామ్మర్ది పెళ్లి సంబంధాల ఫోటోలు కూడా దాటాడు. కోనరావుపేట మనిషి పేరు దగ్గర ఆగాడు.

"గిదేంది. గంతే పొడుగున్న వాయిస్. గా సాయంత్రమే ఈయనకు ఫార్వర్డ్ చేసిండు, గాబరాల యాది మరిసినట్టున్నడు."

నొక్కి చూశాడు. మోగలేదు. ఈ ఫోనులో రెండిటికీ ఆధారమైన గొంతు ఒక్కటే, అది పోయింది. కానీ కోనరావుపేట మనిషి ఫోనులో దిగినది అతని సొంతం. ఫోర్‌మన్ ఇక్కడ ఎంత తుడిచినా అక్కడిది పోదు.

'గా ఫోర్‌మన్ మాట నేను గూడ ఇన్న.' ఆ రోజు అన్నం ముందు కూర్చుని అతను చెప్పింది అదే. ఇంకా ఏదో చెప్పబోయాడు. అప్పుడు నేను చెప్పులు వేసుకుంటున్నాను. ఆ తర్వాత దాదాపు రెండు వారాలు అతను కోనరావుపేటలోనే ఉన్నాడు. సిరిసిల్ల నుంచి ఆటో ఎక్కితే దిగేంత దూరం.

వెంటనే ఫోన్ చేశాం. అతను సెలవు ముగించుకుని తిరిగి వెళ్లిపోయాడు. అదే కంపెనీ, అదే ఫోర్‌మన్ కింద. నేను సంగతి చెప్పాను. అవతల కాంక్రీటు మిక్సర్ తిరుగుతున్న చప్పుడు.

"ఉన్నదన్నా, నా దగ్గర. మీ ఫోన్‌ల దొరికిందనుకుని ఊకున్న. గని గిప్పుడు ఎట్ల పంపాలె? ఎవలిచ్చిండ్రని అడుగుతరు గదా. నాకు గూడ గాయన గతే పడితది."

"పేరు రాదు తమ్మీ. నేను మాటిస్తున్న గదా," అన్నాను, నా షాపు గొంతుతో.

పక్కనుంచి సడ్డకుడు తల అడ్డంగా ఊపాడు. గొంతు ఏ ఫోనులోంచి వచ్చిందో కేసుకు పెట్టే కాగితంలో రాయాల్సిందేనట. దాస్తే మొత్తం అబద్ధమని కొట్టేస్తారట. ప్రొసీజర్. ఆ మాటను ఆ పూట మొదటిసారి తిట్టుకోకుండా విన్నాను.

కోనరావుపేట మనిషి అన్నాడు: "నేను కంపెనీ మారుతున్న. రెండు నెలలల్ల నా కాయితాలు అయితయి. మారినంక అదే నిమిషంల పంపుత. మీ మీద ఒట్టు."

"రెండు నెలలా? మా పిల్లగాడు లోపలున్నడు తమ్మీ. వారం రోజులల్ల చూడు."

"వారమంటే ఎట్లనే అన్నా, నాకు గూడ పిల్లలున్నరు."

నేను పదిహేను రోజులన్నాను. ఇరవై అన్నాను. డబ్బిస్తానన్నాను, దానికి అతను నొచ్చుకున్నాడు. పుట్టినప్పటి నుంచి నేర్చిన విద్యంతా వాడాను. చివరికి నెల దగ్గర ఆగాడు. జీతం బాకీ కొంత వదులుకుని తొందరగా మారతానన్నాడు.

ఫోన్ పెట్టేముందు ఒక మాటన్నాడు: "ఇంటికాడున్నప్పుడే అడిగితే ఊకెనే ఇత్తుంటినే అన్నా. మీరే గా దినం ఆగలేదు."

మా సడ్డకుడు ఫోనును డబ్బాలో పెట్టి మూత నొక్కాడు.

నెల గడిచాక, చెప్పిన మాట ప్రకారం గొంతు వచ్చింది. జగిత్యాల దుకాణంలో అందరం విన్నాం. 'కల్‌సే తుమ్ ఉస్ సైట్ పే జావ్, కంపెనీకో మై బోల్ దియా.' రేపటి నుంచి ఆ సైట్‌కు పో, కంపెనీకి నేను చెప్పాను అని. ఇంతే. నేను అనుకున్నంత గంభీరంగా లేదు ఆ గొంతు. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. సడ్డకుడు తన కాగితం రాసి, పాత కాపీలో ఉన్న గంట, పొడుగు, ఈ గొంతు పొడుగు ఒకటేనని చూపించి, అక్కడ మనవాళ్లకు సాయం చేసే సంఘం మనిషికి పంపాడు. కేసు తీసేశారు. అప్పటికి బామ్మర్ది పని పోయింది, వీసా తేదీ దాటింది. ఉండడానికి వీల్లేదు గనక ఇంటికి పంపారు.

విమానాశ్రయానికి జీపు మాట్లాడింది నేను. కిరాయి తగ్గించింది నేను. ముందు సీట్లో కూర్చున్నది మా సడ్డకుడు. బామ్మర్ది బయటికి వచ్చి మొదట పట్టుకున్నది అతని చెయ్యినే. సన్నబడ్డాడు. దవడలు లోపలికి పోయాయి. ఇంటికొచ్చాక మా అత్త అన్నం పెడుతూ, "చిన్నల్లుడు లేకుంటే నా కొడుకు ఏమవుతుండెనో," అంది. ముక్కలన్నీ అటే పోయాయి. నేను చారుతో తిన్నాను.

మా సడ్డకుడు కోరుట్ల టైగర్ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. తన భార్యకు కూడా చెప్పలేదని, నా భార్య ముఖం చూస్తే తెలిసింది. దానికి నేను కృతజ్ఞుడిగా ఉండాలి. నాకు నిద్ర పట్టేది కాదు. అతను దాన్ని రేకు చుట్టి డబ్బాలో దాచుకున్నాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూత తీయగలడు, తీయడు. అంత సుఖం నాకు ఎన్నడైనా ఉందా?

పది రోజులకు బామ్మర్ది కోరుట్ల వచ్చాడు. మళ్లీ సాంచాల మీదికి పోతున్నాడు. పాత ఫోను సడ్డకుడి దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. దాన్నే వాడుకుంటానన్నాడు. నా బల్ల ముందు గిరాకీలా నిలబడ్డాడు.

"బావా, డిస్‌ప్లే, బ్యాటరీ నువ్వే ఏసినవట గదా. బిల్లెంతయింది చెప్పు. కొన్ని కొన్ని ఇస్త."

వద్దు పోరా అనొచ్చు. అలా అంటే నేను పెద్దమనిషినయ్యేవాణ్ణి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: నేనే చెప్పేస్తే మా సడ్డకుడి డబ్బాలో ఏమీ మిగలదు అన్న లెక్క కూడా నా మనసులో తిరిగింది. దాని వల్ల చెప్పానో, వాడి దవడలు చూసి చెప్పానో, ఇప్పటికీ తేల్చుకోలేదు. చెప్పాను. పోస్ట్‌మార్టం అన్న మాట నుంచి, ఇయర్‌ఫోన్ల గోడ, హాట్‌స్పాట్, 'లేదు' అని ఆడిన అబద్ధం, అన్నీ.

వాడు ఫోను వెనకవైపు బొటనవేలితో రుద్దాడు.

"చిన్న బావ నాకు చెప్పలే," అన్నాడు.

"చెప్పడు. గాయనకు ప్రొసీజర్ ఉంటది."

వాడు నవ్వలేదు. "లోపల తాగుడు నీళ్లు ఉప్పగుండె బావా," అన్నాడు. తర్వాత, "సగం నాది గూడ ఉన్నది. డ్రమ్ముల పడగొట్టుకున్నది నేనే గదా," అన్నాడు.

"తగ్గించకు," అన్నాను.

తర్వాత వాడి ముందే కూర్చుని లెక్క కట్టాను. డిస్‌ప్లే, నేను బేరమాడి తెచ్చిన ధరకే, లాభం వేయకుండా. బ్యాటరీ పాతది, దానికి ఏమీ లేదు. స్పీకర్ వేయక్కర్లేదు, నా గొప్పకు వేశాను, అది నాది. సడ్డకుడు తన పనికి ఒక్క రూపాయి తీసుకోలేదు, కాబట్టి అక్కడ సున్న. కోనరావుపేట మనిషి వదులుకున్న జీతం బాకీ, నేను అతనికి పంపాల్సింది. ఇక లోపల ఉప్పునీళ్లు తాగిన నెల పైచిలుకు రోజులు. ఫోను వచ్చిన రోజే నేను చెప్పులు విప్పి కూర్చుని ఆ మనిషి మాట పూర్తిగా విని ఉంటే, అందులో ఒక్క రోజు కూడా పడేది కాదు. అవన్నీ నాయే.

బామ్మర్ది ఇవ్వాల్సింది: డిస్‌ప్లే ధర. వాడికి రావాల్సింది: ఆ రోజులు. అవి ఏ ధరకు కొనాలో, ఎవరి దగ్గర కొనాలో నాకు తెలియదు, కాబట్టి డిస్‌ప్లే ధర కొట్టేసి, మిగతాది నా పేరు మీద అలాగే ఉంచాను.